మానని కాలి పుండుకు సొంత రక్తంతో వైద్యం: పీఆర్‌పీ ఎంతవరకు పనిచేస్తుంది?

కాలి మీద గీరుకుపోయిన చోట రెండు మూడు రోజుల్లో పక్కు కడుతుంది. పది పదిహేను రోజుల్లో అది రాలిపోయి కింద కొత్త చర్మం కనిపిస్తుంది. కొందరి కాళ్ల మీద మాత్రం అదే గీత పుండుగా మారి నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. రసి కారడం, కట్టు మార్చడం, వాసన, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని సలుపు, నలుగురిలోకి వెళ్లాలంటే మొహమాటం. ఇంట్లో ఒకరికి ఇలాంటి పుండు ఉంటే ఇల్లంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అలాంటి సమయంలో 'మీ రక్తంతోనే మీ పుండు మానుతుంది' అన్న మాట వినగానే ఆశ పుట్టడం సహజం. ఆ ఆశ వట్టిది కాదు. అయితే అది నెరవేరాలంటే ముందు కొన్ని పనులు జరగాలి. ఆ పనులు జరగకుండానే, సొంత రక్తంలోంచి ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న భాగాన్ని తీసి పుండుకు వాడే ఈ పీఆర్‌పీ చేయించుకుని నిరాశపడేవాళ్లు ఉన్నారు కాబట్టి, ఈ చికిత్స వెనకున్న విషయం కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

ప్లేట్‌లెట్ చేసే రెండో పని

ప్లేట్‌లెట్లు అనగానే చాలామందికి డెంగీ జ్వరం, రోజురోజుకీ పడిపోయే కౌంటు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ గుర్తుకొస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఎముక మజ్జలో తయారై 8 నుంచి 10 రోజులు బతుకుతాయి. రక్తనాళం తెగిన చోట ఒకదానికొకటి అతుక్కుని రక్తం కారకుండా అడ్డుకట్ట వేయడం వీటి మొదటి పని. రెండో పని గురించి అంతగా వినిపించదు.

ఒక్కో ప్లేట్‌లెట్ లోపల ఆల్ఫా గ్రాన్యూల్స్ అనే అతి చిన్న సంచులు 50 నుంచి 80 వరకు ఉంటాయి. గాయం తగలగానే ఇవి తెరుచుకుని గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లను బయటికి వదులుతాయి. చుట్టుపక్కల కణాలకు ఇవి కబురు లాంటివి. కొన్ని ప్రోటీన్లు మరమ్మతు చేసే కణాలను గాయం దగ్గరికి రప్పిస్తాయి. కొన్ని సన్నని కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి. కొన్ని చర్మానికి పటుత్వం ఇచ్చే కొలాజెన్ తయారీని వేగం చేస్తాయి, మరికొన్ని అంచుల నుంచి చర్మకణాలు లోపలికి పాకేలా పురికొల్పుతాయి. అంటే రక్తం ఆగిన చోటే గాయం మానడం కూడా మొదలవుతుంది, ఆ రెండు పనులనూ మొదలుపెట్టేది ప్లేట్‌లెట్టే.

ఈ గుణాన్ని మానని పుండు మీద వాడుకోవడమే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, పొట్టిగా పీఆర్‌పీ. రోగి చేతి నుంచి కొంత రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ లాంటి ద్రావణం కలిపి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పుతారు. బరువైన ఎర్ర రక్తకణాలు అడుక్కి దిగుతాయి, పసుపు రంగు ప్లాస్మా పైకి తేలుతుంది, మధ్యలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఉండే పలుచని పొర నిలుస్తుంది. పై భాగాన్ని వేరుచేసి రెండోసారి ఇంకాస్త వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లు దగ్గరగా చేరతాయి. మామూలు రక్తంలో ఉన్నదానికన్నా నాలుగైదు రెట్లు, అంటే మైక్రోలీటరుకు దాదాపు 10 లక్షలు ఉండాలని చాలామంది వైద్యులు చూస్తారు. దీన్ని పుండు అంచుల్లో సూదితో ఎక్కిస్తారు, లేదా కాల్షియం క్లోరైడ్ కలిపి జెల్‌గా మార్చి పుండు మీద పరిచి, పైన కట్టు కడతారు. ప్లేట్‌లెట్లను ఇలా మేల్కొలిపాక గ్రోత్ ఫ్యాక్టర్లలో ఎక్కువ భాగం మొదటి గంటలోనే విడుదలవుతాయి. అందుకే తయారుచేసి పక్కన పెట్టి తీరిగ్గా వాడేది కాదు ఇది.

పీఆర్‌పీ పేరు ఇప్పుడు జుట్టు కోసం, మోకాళ్ల కోసం ఎక్కువగా వినిపిస్తోంది. కానీ ప్లేట్‌లెట్లతో మరమ్మతు అనే ఆలోచన మానని పుండ్ల దగ్గర ఎప్పుడో మొదలైంది. అమెరికాలో డేవిడ్ నైటన్ అనే సర్జన్, ఆయన సహచరులు రోగుల సొంత ప్లేట్‌లెట్ల నుంచి తీసిన పదార్థంతో మొండి పుండ్లకు చేసిన చికిత్స వివరాలను 1986లోనే ప్రచురించారు. 1998లో రాబర్ట్ మార్క్స్ బృందం దవడ ఎముక ఆపరేషన్లలో పీఆర్‌పీ వాడకాన్ని వివరించాక ఈ పేరు దంతవైద్యం నుంచి క్రీడా వైద్యం దాకా పాకింది.

పుండు ఎందుకు మానడం లేదు?

పీఆర్‌పీ ఆలోచన చేసే ప్రతిచోటా ముందు రావాల్సిన ప్రశ్న ఇది. మానని పుండు తనంతట తాను ఒక జబ్బు కాదు. లోపల ఏదో ఒకటి తప్పుతోందని చర్మం బయటికి చూపిస్తున్న గుర్తు. ఆ లోపలి తప్పు కాళ్ల విషయంలో ఎక్కువగా మూడు రకాలు.

మొదటిది సిరలది. కాలి పుండ్లలో సగానికి పైగా ఈ కోవకే చెందుతాయి. కాళ్ల నుంచి చెడు రక్తం గుండె వైపు పైకెక్కాలంటే పిక్క కండరం పిండాలి, సిరల్లోని కవాటాలు ఆ రక్తం మళ్లీ కిందికి జారకుండా పట్టుకోవాలి. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడక మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది 30 కన్నా తగ్గిపోతుంది. కవాటాలు పాడైనవాళ్లలో నడిచినా తగ్గదు. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి పడి పడి చర్మం నల్లబడుతుంది, గట్టిపడుతుంది, దురద పెడుతుంది, చివరికి చీలమండకు కాస్త పైన, లోపలి వైపున పుండు పడుతుంది. వెరికోస్ వెయిన్స్ ఉన్నవాళ్లలో, ఎప్పుడో సిరలో రక్తం గడ్డకట్టినవాళ్లలో కనిపించేది ఎక్కువగా ఇదే.

రెండోది ధమనులది. కాలికి మంచి రక్తం తెచ్చే గొట్టాలు పూడుకుపోతే వేళ్ల చివర్లు, మడమ లాంటి చోట్ల పుండు పడుతుంది. పాదం చల్లగా ఉంటుంది, కాలు పైకెత్తితే నొప్పి ఎక్కువవుతుంది, మంచం మీద నుంచి కిందికి వేలాడదీస్తే కాస్త ఉపశమనం. పొగ తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

మూడోది షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చే అరికాలి పుండు. పాదానికి స్పర్శ తెలియదు. చెప్పులో రాయి ఉన్నా, మేకు దిగినా నొప్పి లేదు. ఒకే చోట బరువు పడుతూ చర్మం కాయ కాసి, దాని కింద గుంట పడుతుంది. కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాల్లో వచ్చే పుండ్ల కథ కూడా ఇదే. ఈ మూడు కారణాలూ ఒకే కాలిలో కలిసి ఉండొచ్చు. పెద్దవయసు షుగర్ రోగుల్లో అది తరచూ చూసేదే.

ఇవి కాక నిర్లక్ష్యం చేయకూడనిది ఒకటుంది. నెలల తరబడి మానని పుండు కొన్నిసార్లు చర్మ క్యాన్సర్. అంచులు పైకి లేచి గట్టిగా ఉన్నా, కండ అసహజంగా పెరుగుతున్నా, సరైన వైద్యం చేస్తున్నా మూడు నెలలకు మార్పు లేకపోయినా చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి. కణాలు పెరగమని చెప్పే పదార్థాన్ని క్యాన్సర్ ఉన్న చోట వేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

కారణం ఏదైనా, పాతబడిన పుండు లోపల పరిస్థితి దాదాపు ఒకేలా మారుతుంది. తాజా గాయంలో వాపు నాలుగైదు రోజుల్లో తగ్గి మరమ్మతు మొదలవుతుంది. పాత పుండు ఆ వాపు దశలోనే ఇరుక్కుపోతుంది. అక్కడ కణజాలాన్ని కరిగించే ఎంజైములు అదేపనిగా ఊరుతుంటాయి. బ్యాక్టీరియా జిగురు లాంటి పొర కట్టుకుని దాని కింద దాక్కుంటుంది. ఈ ఎంజైములు కొత్తగా వచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లను కూడా ముక్కలు చేసేస్తాయి. పీఆర్‌పీ గురించి తెలుసుకోవాల్సిన వాటిలో నా ఉద్దేశంలో ఇదే అసలైనది. కుళ్లిన కణజాలం, పాచి పట్టిన పొర తీసేయకుండా పైన పీఆర్‌పీ పోస్తే, అందులో పనికొచ్చే ప్రోటీన్లు పని మొదలుపెట్టకముందే నాశనమవుతాయి. అందుకే పుండును గీకి శుభ్రం చేసి, ఎర్రటి తాజా కండ కనబడేదాకా తేవడం ఈ చికిత్సలో భాగమే తప్ప విడి పని కాదు. డిబ్రైడ్‌మెంట్ అంటే ఇదే.

ముందు జరగాల్సినవి

సిరల పుండుకు మూలవైద్యం ఒత్తిడి కట్టు. పాదం వేళ్ల దగ్గర నుంచి మోకాలి కింది దాకా, చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి వచ్చేలా పొరలుగా కడతారు. చూడ్డానికి మామూలు బ్యాండేజీలా ఉంటుంది కాబట్టి దీనికి విలువ ఇచ్చేవాళ్లు తక్కువ. నిజానికి సిరల పుండ్లలో ఇంత గట్టి ఆధారం ఉన్న వైద్యం మరొకటి లేదు. దీనికి తోడు పాడైన సిరను త్వరగా మూసేయడం వల్ల కూడా మేలు ఉందని బ్రిటన్‌లో 450 మందితో జరిగిన ఈవీఆర్‌ఏ అనే అధ్యయనం 2018లో తేల్చింది. రెండు వర్గాలకూ ఒత్తిడి కట్టు కట్టారు. సిరను ముందుగానే మూసినవాళ్లలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, మూసివేతను వాయిదా వేసినవాళ్లలో 82 రోజులు.

కట్టు కట్టే ముందు చీలమండ దగ్గర, చేతి దగ్గర బీపీ కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి చూడాలి. అది 0.8 కన్నా తక్కువ ఉంటే ధమనిలో రక్తం సరిగ్గా పారడం లేదని అర్థం, గట్టి కట్టు ప్రమాదం. 0.5 కన్నా తక్కువైతే కట్టు మాట పక్కనపెట్టి రక్తనాళాల సర్జన్‌ను కలవాలి. బెలూన్‌తోనో బైపాస్‌తోనో రక్తం పారేలా చేయకుండా ఆ కాలికి పీఆర్‌పీ చేయడం ఎండిన మొక్కకు నీళ్లివ్వకుండా ఎరువు వేయడమే.

షుగర్ పాదం పుండుకు అసలు వైద్యం బరువు తప్పించడం. పుండు మీద అడుగు పడకూడదు. పాదం, పిక్క మొత్తం పట్టి ఉంచే పూర్తి కాస్ట్ (పిండికట్టు లాంటిది) వేసి బరువును పంచడం అన్నిటికన్నా మెరుగ్గా పనిచేస్తుంది. కట్టు ఎంత బాగా కట్టినా, పైన ఏం రాసినా, రోజూ ఆ పుండు మీదే నడిస్తే మానదు. ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందా అన్నది కూడా చూడాలి. పుండులోకి పెట్టిన సన్నని లోహపు కడ్డీకి ఎముక తగిలితే అనుమానించాల్సిందే. షుగర్ అదుపు, తగినంత ప్రోటీన్, రక్తహీనత సరిచేయడం, పొగ మానడం వీటన్నిటితో పాటు నడవాలి.

ఇవన్నీ సరిగ్గా జరిగాక నాలుగు వారాలు ఆగి పుండు కొలవాలి. విస్తీర్ణం సగానికి తగ్గితే దారి సరైనదే, పీఆర్‌పీ అవసరం రాకపోవచ్చు. తగ్గకపోతే అప్పుడు అదనపు చికిత్సల గురించి ఆలోచించాలి. ఆ వరుసలో పీఆర్‌పీ ఒకటి.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

వైద్య ఆధారాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2016లో మానని పుండ్ల మీద పీఆర్‌పీ అధ్యయనాలన్నిటినీ సమీక్షించింది. దొరికినవి 10 అధ్యయనాలు, మొత్తం 442 మంది. షుగర్ పాదం పుండ్లలో పీఆర్‌పీ మేలు చేయొచ్చు, కానీ ఆధారం బలహీనం అని చెప్పింది. సిరల పుండ్లతో సహా మిగతా రకాల్లో మేలు ఉందో లేదో స్పష్టంగా చెప్పలేమంది. చిన్న చిన్న అధ్యయనాలు, ఒక్కోదానిలో ఒక్కో తయారీ పద్ధతి, ఎవరికి ఏ చికిత్స ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా దాచిపెట్టడం కష్టం. ఈ ఇబ్బందులు ఈ రంగంలో ఇప్పటికీ ఉన్నాయి.

వీటన్నిటిలో గట్టిది 2018లో లాన్సెట్ వర్గానికి చెందిన ఒక వైద్య పత్రికలో వచ్చిన లూకోప్యాచ్ అధ్యయనం. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో 32 చోట్ల జరిగింది. షుగర్ పాదం పుండు ఉన్నవాళ్లను ముందు నాలుగు వారాలు మంచి మామూలు వైద్యంలో ఉంచారు. ఆ వైద్యానికే బాగా తగ్గినవాళ్లను పక్కనపెట్టి, మొండిగా మిగిలిన 269 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి వారం వారం 18 మిల్లీలీటర్ల రక్తం తీసి, ఏ మందూ కలపకుండా తిప్పి, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టేటప్పుడు వలలా అల్లుకునే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ కలిసిన బిళ్ల తయారుచేసి పుండు మీద పెట్టారు. 20 వారాల్లో ఆ వర్గంలో 34 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. మామూలు వైద్యం వర్గంలో 22 శాతం.

ఈ రెండు అంకెలను ఎటు నుంచి చూస్తామన్నది ముఖ్యం. మొండి పుండ్లలో నూటికి 12 మందికి అదనంగా నయం కావడం చిన్న విషయం కాదు. కాలు తీసేయాల్సి వస్తుందేమోనన్న భయంతో బతికే మనిషికి అది చాలా పెద్ద తేడా. అదే సమయంలో, ఇంత శ్రద్ధగా వారం వారం చేసినా నూటికి 66 మందికి 20 వారాల్లో పుండు మూసుకోలేదు. 'గ్యారంటీగా మానుతుంది' అని ఎవరైనా చెబితే ఆ మాట ఈ అంకెల ముందు నిలబడదు.

షుగర్ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ 2023 మార్గదర్శకాలు కూడా ఇలాంటి జాగ్రత్తనే పాటించాయి. మంచి మామూలు వైద్యం విఫలమైన చోట, వారం వారం రక్తం తీసే వసతి, నైపుణ్యం ఉంటే ఈ రకం బిళ్లను పరిశీలించవచ్చని చెప్పాయి. మిగతా రకాల ప్లేట్‌లెట్ చికిత్సలను మాత్రం సిఫారసు చేయలేదు. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2021లో షుగర్ వల్ల వచ్చిన మానని పుండ్లకు పీఆర్‌పీ ఖర్చును 20 వారాల వరకు భరించడానికి ఒప్పుకుంది. ఒకే ఆధారాన్ని చూసి ఇద్దరూ వేర్వేరు నిర్ణయాలకు రావడంలో వింతేమీ లేదు. 'ఇది మేలని రుజువైందా?' అన్నది ఒక ప్రశ్న, 'మిగతావి పనిచేయనప్పుడు ప్రయత్నించడం సమంజసమేనా?' అన్నది మరో ప్రశ్న.

ఒకే పేరు, వేర్వేరు పదార్థాలు

పీఆర్‌పీ అనేది మాత్ర లాంటిది కాదు. ఇన్ని మిల్లీగ్రాములు అని అట్ట మీద రాసి ఉండదు. ఒకరి రక్తంలో ప్లేట్‌లెట్లు రెండు లక్షలుంటే ఇంకొకరికి నాలుగు లక్షలు. ఒకచోట ఒకసారి తిప్పుతారు, మరోచోట రెండుసార్లు. తెల్లకణాలు కొందరు ఉంచుతారు, కొందరు తీసేస్తారు. సిట్రేట్ కలపకుండా, రక్తం తీసిన వెంటనే తిప్పి తయారుచేసే గట్టి జెల్‌ను ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్, పొట్టిగా పీఆర్‌ఎఫ్ అంటారు. ఫ్రాన్స్‌లో 2001లో జోసెఫ్ షుక్రూన్ దీన్ని పరిచయం చేశారు. ఫైబ్రిన్ వలలో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు గ్రోత్ ఫ్యాక్టర్లను కొన్ని రోజుల పాటు నెమ్మదిగా వదులుతాయి. గుంట పడిన పుండును నింపడానికీ ఇది వీలుగా ఉంటుంది.

నిమిషానికి ఇన్ని చుట్లు అని చెప్పడం కూడా సరిపోదు. యంత్రంలో ట్యూబులను తిప్పే చక్రం (రోటర్) పెద్దదైతే అవే చుట్లకు ఎక్కువ బలం పడుతుంది. ఒక పరికరంలో పనిచేసిన లెక్కను ఇంకో పరికరంలో దించితే ప్లేట్‌లెట్లు సరిగ్గా చేరకపోవచ్చు, లేదా మధ్యలోనే పగిలిపోవచ్చు. అందుకే చేయించుకునే ముందు తయారైన పీఆర్‌పీలో ప్లేట్‌లెట్ కౌంటు చూస్తున్నారా అని అడగడం తప్పు కాదు. కౌంటు చూడకపోతే అది పీఆర్‌పీయో, మామూలు ప్లాస్మాయో ఎవరికీ తెలియదు.

సొంత రక్తం కాబట్టి అలర్జీ భయం, వేరేవాళ్ల నుంచి జబ్బులు అంటుకునే భయం తక్కువ. ఉన్న ప్రమాదం ఎక్కువగా చేసే తీరులోనే ఉంది. రక్తం తీసినప్పటి నుంచి పుండు మీద పెట్టేదాకా క్రిములు చేరకుండా చూడాలి, ఒకరి సిరంజి, ఒకరి ట్యూబు మరొకరికి తగలకూడదు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ ఉన్నవాళ్లకు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్లకు, పుండులో చీము, ఎముక ఇన్ఫెక్షన్ అదుపులో లేనివాళ్లకు, ఆ చోట క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇది చేయరు. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు పీఆర్‌పీ కోసం సొంతంగా దాన్ని మానేయకూడదు. ఆ మాత్ర ఆపితే గుండెకు వచ్చే ముప్పు, పుండుకు వచ్చే లాభం కన్నా పెద్దది కావచ్చు. ఆ నిర్ణయం వైద్యుడిదే.

ఎన్నిసార్లు చేయాలన్నదానికి ఒకే లెక్క లేదు. వారానికోసారి చేసే పద్ధతి ఎక్కువగా కనిపిస్తుంది. ప్రతిసారీ పుండు పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఒకే దూరం నుంచి ఫొటో తీసి ఉంచితే మార్పు నిజమో భ్రమో తెలుస్తుంది. నాలుగైదు వారాలకు కూడా కొలతలో కదలిక లేకపోతే అదే పని కొనసాగించడం కన్నా ఆగి మళ్లీ మొదటి ప్రశ్నకు రావడం మంచిది. ధమని చూశారా, బరువు తప్పుతోందా, కట్టు సరిగ్గా ఉందా, బయాప్సీ చేశారా? బాగా ఎర్రటి కండ పట్టి, విస్తీర్ణం పెద్దదిగా ఉన్న పుండుకు చర్మం అతికే ఆపరేషన్ త్వరగా పని ముగిస్తుంది. అక్కడ పీఆర్‌పీ కోసం నెలలు గడపాల్సిన పని లేదు.

పుండు మూసుకున్నాక కూడా ఆ కాలిని వదిలేయడానికి లేదు. మానిన చోట కొత్త చర్మానికి పాత బలం పూర్తిగా రాదు. ఎంత బాగా మానినా మచ్చకు పాత చర్మంలో సుమారు 80 శాతం బలమే వస్తుంది. దానికీ నెలలు పడుతుంది. షుగర్ పాదం పుండు మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతుంది. పాడైన కవాటాలను, స్పర్శ పోయిన నరాలను పీఆర్‌పీ బాగుచేయదు కాబట్టి ఆ ముప్పు అలాగే ఉంటుంది. సిరల పుండు మానినవాళ్లు పొద్దున మంచం దిగకముందే ఒత్తిడి మేజోళ్లు వేసుకోవాలి. స్పర్శ లేని పాదాలున్నవాళ్లు రోజూ రాత్రి పాదం తిప్పి అద్దంలో అరికాలు చూసుకోవాలి. అరికాలి మీద ఎక్కడైనా ఎర్రబడినా, కాయ కాసినా, ఆ మర్నాడే చూపించుకోవాలి.